మూడో తీగ

చూశారుగా, ఏం చూశారో చెప్పండి. గుమ్మం ముందు ఆగిపోయిన ముసలాయన్నా? ఆయన కాళ్ళకు చుట్టుకున్న నలుపూ తెలుపూ ఉన్ని తాడునా? అందరూ అంతే చూస్తారు. ఆయన కాళ్ళ దగ్గర కత్తెర పట్టుకుని వంగిన బురుల్ ఎవరికీ కనపడదు.

నాలుగేళ్ళుగా ఆమెకు తెల్లవారడం ఇలాగే. పొయ్యి రాజేసి, పాలు పోసిన ఉప్పు టీ కాచి, మొగుడి కాళ్ళ తాడు కోయాలి. మర్నాటికి మళ్ళీ మొలుస్తుంది. తప్పటడుగులు వేసే పిల్లలకు నడక కుదరాలని అక్కడివాళ్ళు కాళ్ళకు కట్టి కోసే తాడు లాంటిదే. పట్నం డాక్టరు మెదడు జబ్బన్నాడు, మాత్రలు రాశాడు, తాడుకి మాత్రం మంచి కత్తెర కొనుక్కోమన్నాడు.

ఆయన పేరు తొక్తొసున్. అంటే నిలవాలి అని. ముందు పుట్టినవాళ్ళెవరూ నిలవక తల్లి పెట్టుకున్న పేరు.

“మీ అమ్మ మరీ గట్టిగా మొక్కినట్టుంది పెద్దాయనా,” అంది బురుల్.

“నిన్ను చేసుకున్న రోజే పారిపోవాల్సింది. అప్పుడు కాళ్ళు బాగానే ఉండేవి.”

తాడు ఎవరు కోస్తే వాళ్ళ నడక వస్తుందని ఆ కొండల్లో నమ్మకం. అందుకే పోయిన నెల పరుగు పందేలు గెలిచే పక్కింటి పిల్ల జిబెక్‌ చేత కోయించారు. అదే తప్పయింది. తొక్తొసున్ చిట్టి అడుగులతో పరుగందుకుని, ఆగలేక గోడకి గుద్దుకుని నుదురు చీల్చుకున్నాడు. బురుల్ కోస్తే నాలుగడుగులు ఈడ్చి ఆగిపోతాడు. ఆమె నడకలో మాత్రం ఏం మిగిలిందని?

కొడుకు మైరమ్‌బెక్ చెడ్డవాడు కాదు. తండ్రిని ఎత్తి ఎత్తి వాడి నడుము పోయింది. వేసవికి గొర్రెల మందతో కొండ మీది మేతకి వెళ్ళే రోజు వచ్చింది. లారీ దుంగల వంతెన దాకే వెళుతుంది, అవతల అంతా నడకే.

“నాన్న వంతెన దాటలేకపోతే పట్నంలో వృద్ధాశ్రమంలో దింపుతానమ్మా,” అన్నాడు, తల్లి మొహం చూడకుండా.

ఆ ఉదయం బురుల్ వేళ్ళకి కత్తెర పట్టే ఓపిక లేకపోయింది. కూర్చుని తాడు ముడి విప్పింది. గోడకి ఆమె ఒకప్పుడు వాయించిన కొముజ్ వేలాడుతోంది. దాని మూడు తీగల్లో ఒకటి తెగి ఏళ్ళయింది. ఆ చోట తాడు బిగించి, వెంట తీసుకెళ్ళింది.

వంతెన దగ్గర, బరువు మోసే గుర్రం నడిచేంత నిదానంగా మీటింది. తొక్తొసున్ కుడి మడమ లేచింది. తర్వాత ఎడమది. వంతెన మధ్యలో ఆమె వేళ్ళు జారాయి. ఆయన నీళ్ళకి పైన, దుంగల మీదే నిలిచిపోయాడు.

“చేతులు పోయాయి. కాస్త ఆగు.”

“ఆగడం నాకు కొత్తా? నువ్వు నింపాదిగా కానీ.”

కానిచ్చింది. దాటారు. మైరమ్‌బెక్ ఆశ్రమం మాట మళ్ళీ ఎత్తలేదు. వేసవంతా ఆయన పొయ్యి దాకా వెళ్ళాలన్నా, వాగు దాకా వెళ్ళాలన్నా బురుల్ మీటాల్సిందే.

దిగిరావడానికి వారం ముందు ఒక తెల్లవారున ఆయన కాళ్ళకి తాడు లేదు. బురుల్ కుడి మణికట్టుకి ఉంది.

తొక్తొసున్ వణికే చేత్తో కత్తెర తీశాడు. కోయకపోతే ఆమె చెయ్యి కట్టులోనే ఉంటుంది; తను కోస్తే ఆ వణుకే ఆమె చేతికొచ్చి పాట పోతుంది, పాట పోతే తన నడక పోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

“చెయ్యి ఇలా ఇవ్వు,” అన్నాడు.

ఇంతసేపూ ఆమెని చూశారుగా. మీరైతే ఆ చెయ్యి చాపుతారా?