తలకట్టు లేని ‘న’

డుబ్... డుబ్...

ఓడ కడుపులోకి అల దూరి, వెనక్కి వస్తున్న చప్పుడు. లోపల ఎవరో ఉండి, మూత తీయమని తడుతున్నట్టు.

ఆ చప్పుడు వింటూ రాయి మీద నిలబడతాను. ఏటా అదే రాయి. ఆటు వేళ, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు.

ఒక్క ఫోటో.

ఇసుకలో పక్కకు ఒరిగిపోయిన ఆ సరుకుల ఓడ ఏడాదిలో ఎంత పోయిందో రాయడం నా ఉద్యోగం. రేవు ఆఫీసులో దానికో ఫైలుంది. ఫారంలో ఒక గడి ఉంది — ‘మార్పు’.

మొదటి ఏడు రాశాను: పొగగొట్టం వంగింది.

మూడో ఏడు: పొగగొట్టం లేదు.

ఐదో ఏడు: పక్కటెముకలు బయటపడ్డాయి. పై అధికారి ‘పక్కటెముకలు’ కొట్టేసి ‘ఇనుప కమ్ములు’ అని దిద్దారు.

ఒక్కటి మాత్రం ఏ ఏడూ రాయలేదు.

ముక్కు దగ్గర, ఓడ పేరులో, ‘న’ అక్షరానికి తలకట్టు లేదు.

అది తుప్పు తిన్నది కాదు. మా నాన్న మర్చిపోయినది.

నాన్న ఓడలకు రంగులు వేసేవాడు. చదువు రాదు. యజమాని కాగితం మీద రాసిచ్చిన పేరును బొమ్మ దించినట్టు దించాడు. తాళ్లకు కట్టిన పలక మీద వేలాడుతూ, మూడు రోజులు. జన్మలో ఆయన రాసిన మొదటి మాట. ఓడను నీళ్లలోకి దించే రోజు నన్ను భుజమ్మీద ఎక్కించుకుని మరీ చూపించాడు.

నాకు ఏడేళ్లు. మా ఇంట్లో చదవడం వచ్చిన మొదటి మనిషిని.

"నాన్నా, ‘న’కి తలకట్టు పెట్టలేదు."

గట్టిగానే అన్నాను. బళ్లో అలాగే చెప్పమనేవారు.

అందరూ నవ్వారు. తలనొప్పి లేని ఓడకు తలకట్టెందుకులే అన్నాడు యజమాని. మళ్లీ నవ్వారు. నా కింద నాన్న భుజం మాత్రం కదల్లేదు.

ఆ రోజునుంచి పనిలో ఆయన పేరే ‘తలకట్టు’ అయిపోయింది. ఎండకు నెత్తిన చుట్టుకునే గుడ్డ మానేశాడు. అక్షరాలు రాయడమూ మానేశాడు. ఇరవై ఏళ్లు ఇనుముకు రెడాక్సైడ్ పూశాడు — అన్ని రంగుల కిందా ఉండి, ఎవరికీ కనిపించని ఎర్ర రంగు.

నన్ను మాత్రం చదివించాడు. డిగ్రీ పట్టా తెచ్చి చేతిలో పెడితే, అక్షరాల తలలు వేలితో ఒక్కొక్కటే తడిమాడు. అన్నిటికీ ఉన్నాయి, అన్నాడు.

నేను ఉద్యోగంలో చేరిన ఏడే గాలివానకు ఓడ ఒడ్డున పడింది. తర్వాత నాన్న చూపు పోయింది.

ఏటా ఫోటో తెస్తాను. ఆయనకు కనిపించదు. పోయినవన్నీ నేను చెప్తాను. ఆయన ఒక్కటే అడుగుతాడు — పేరుందా?

ఉంది నాన్నా.

ఎనిమిదో ఏడు మంచం కింద తడుముకుని ఒక కుంచె తీశాడు. గట్టిపడకుండా ఇన్నేళ్లూ నూనె పెట్టి దాచిన కుంచె.

"ఒక్క గీత తల్లీ. నువ్వు పెట్టెయ్. నీకైతే సరిగ్గా వచ్చు."

సరే అన్నాను.

కానీ ఓడను ముట్టకూడదని రూలు. ఉన్నదున్నట్టు ఫోటో తీయాలి. నేనే పెట్టిన గీతను ‘మార్పు’ గడిలో ఏమని రాయను?

వచ్చే ఏడు నాన్నా, అన్నాను. తొమ్మిదో ఏడు కూడా... వచ్చే ఏడు.

ఆయన కుంచెకు నూనె రాశాడు.

పదో ఏడు తెల్ల రంగు డబ్బా కొన్నాను, నాన్న దగ్గర కుంచె అడిగి తీసుకున్నాను. ఫోటో తీయకముందే మోకాలి లోతు నీళ్లలోకి దిగాను. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. ఆ తెగింపు అప్పటికి వచ్చింది.

ముక్కు దగ్గర రేకు లేదు.

పేరుండే చోట అవతలి సముద్రం కనిపిస్తోంది.

ఇసుకలో దేవులాడాను. దొరికిన ఒక్క ముక్క చేతిలోనే పొడైంది. అది ‘న’ అవునో కాదో... ఇంత చదివి, చదవలేకపోయాను.

రాయెక్కి ఫోటో తీశాను. మార్పు: పేరు లేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నాన్న గడప దగ్గరే కూర్చుని ఉన్నాడు.

"పెట్టావా?"

"పెట్టాను నాన్నా."

నా చేయి అందుకున్నాడు. వేళ్లు తన ముక్కుకు ఆనించుకున్నాడు. రంగుల్లో బతికిన ముక్కు అది. నా వేళ్లకు తుప్పు వాసన... ఉప్పు వాసన.

"అప్పుడే ఆరిపోయిందామ్మా?"

ఎండ ఎక్కువగా ఉంది నాన్నా, అన్నాను.

ఆయన చేయి నేల మీద వెతుక్కుంటూ వెళ్లి, నేను దించిన డబ్బాను తాకింది. గోటితో తట్టాడు. మూత తీసిన డబ్బా ఒకలా పలుకుతుంది, తీయని డబ్బా ఒకలా. ఆ తేడా నా చెవికి తెలియదు. ఆయనకు తెలుసు.



తడుతూనే ఉన్నాడు.

డుబ్... డుబ్...