తోలులో వేలి చిల్లు

మేస్త్రికి బావమరిది సబ్బుబిళ్ళ చేసిన ద్రోహం తోళ్ళ కార్ఖానా గుమ్మంలో పడుకునే కుక్కకి కూడా తెలుసు. ఎక్కడ పట్టుకున్నా జారిపోతాడని అతనికా పేరు. మేస్త్రి కుడి బొటనవేలు తోలు గీకే కత్తికి తెగి, అతను ఆసుపత్రిలో పడుకున్న వారంలోనే, తోళ్ళు ఆరేసే దొడ్డిలో మేస్త్రి సగాన్ని తన సగంలో కలుపుకొని నడిమి కంచె పీకేశాడు. “ఆ చెయ్యి ఇక పనికి రాదు నాన్నా” అని మేస్త్రికి మామగారైన ముసలాయన చెవిలో ఊదాడు కూడా.

ముసలాయన తన మాటగా తీర్పు చెప్పాడు. “దొడ్డి పనిచేసేవాడిది. వానలు పడేలోపు అల్లుడు తోళ్ళు తిప్పే డ్రమ్ము దగ్గరికి పనికొస్తే తన సగం తనదే. రాకపోతే మొత్తం మావాడిదే.”

అంటే మేస్త్రి దొడ్డి మేస్త్రి వేలి మీద వేలాడుతోంది. ఆ వేలేమో మానదు. చక్కెర జబ్బు.

కట్టు కట్టే నర్సమ్మ ఓపికగా చెప్పింది. “గాయంలో మాంసకృత్తుల్ని తుంచే ఎంజైములుంటాయి బాబాయ్. కత్తెరలనుకో. కణం ఒంటి మీద ఒక కబురు కట్టేసి ఉంటుంది. కత్తెర ఒక్కసారి తుంచితే అది ఊడి పక్క కణానికి పోతుంది, బతుకు, పెరుగు అని. పనయ్యాక కత్తెర ఆగాలి. నీ గాయంలో ఆగట్లేదు. కబురునీ ముక్కలు చేస్తోంది, దాన్ని అందుకునే గుమ్మాన్నీ నరుకుతోంది. కబురందని కణం తనంతట తానే చచ్చిపోతుంది.”

“తోలు మెత్తబడ్డానికి మా డ్రమ్ములో వేసే పొడి కూడా అంతేనమ్మా. ఓ అరగంట ఉంచితే తోలు వెన్న. కడగడం మరిస్తే గంజి.”

“మరింకేం, నీకే బాగా తెలుసు. ఈ పట్టీ కత్తెరలకి ఎర. దీన్ని నములుతూ కూర్చుంటాయి, నీ జోలికి రావు. నేను చెప్పేదాకా విప్పకు.”

నెల తిరిగేసరికి గులాబీరంగు మాంసం పుట్టింది. ఇంకొక్క వారం అంది నర్సమ్మ. సరిగ్గా అప్పుడే సబ్బుబిళ్ళ పలకరింపుకొచ్చాడు.

“బావా, నీ డ్రమ్ముకి నేనే పొడి వేస్తున్నాలే. వేలితో నొక్కి చూడ్డం తాతల నాటి పద్ధతి. గడియారం చాలు. నువ్వు హాయిగా మంచమ్మీదే ఉండు.”

అతను వెళ్ళాక మేస్త్రి పళ్ళు నూరాడు. భార్య అంది, “మా తమ్ముడి నోరు నాకు కొత్తా? వారం ఓర్చుకో, దొడ్డి మనది.”

“దొడ్డి వస్తుందే. వాడి నవ్వు పోదుగా.”

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచినప్పుడు మేస్త్రి వెనక తలుపున దూరాడు. తిరుగుతున్న డ్రమ్ములో సబ్బుబిళ్ళ సొంత సరుకుంది. ఎడమచేత్తో రెండు డబ్బాల పొడి అదనంగా పోశాడు. తొట్టి వెనక నక్కి కూర్చున్నాడు. లోపల తోళ్ళు దబదబ పడుతుంటే కడుపులో చల్లగా ఉంది. తిను, బాగా తిను, అనుకున్నాడు.

కాసేపటికి డ్రమ్ము ఆపి ఒక తోలు లాగాడు. పాడైందా లేదా? ముప్ఫై ఏళ్ళుగా దానికొకటే పరీక్ష. బొటనవేలితో నొక్కాలి. గుంట నిలిస్తే పాకం కుదిరినట్టు, వేలు దిగబడితే తోలు చచ్చినట్టు. ఎడమ వేలికి ఆ సంగతి తెలీదు. పళ్ళతో పట్టీ ఎప్పుడు లాగేశాడో అతనికే తెలీదు. నొక్కాడు. పెరుగులో దిగినట్టు దిగబడింది. చాలాకాలానికి మనసారా నవ్వుకున్నాడు. మంట ఆ తర్వాతే తెలిసింది.

“ఏం ముట్టుకున్నావ్?” నర్సమ్మ అడిగింది.

“పొడి.”

“నెలంతా నేను కత్తెరల్ని కట్టేస్తూ వచ్చాను. నువ్వు గుప్పిళ్ళతో పోసుకొచ్చావ్ బాబాయ్.”

కొత్త మాంసం కరిగిపోయింది. కుళ్ళు ఎముకకి పాకింది. వేలు తీసేశారు.

ముసలాయన చూడ్డానికొచ్చాడు. చంకలోని తోలు తీసి మంచమ్మీద పరిచాడు. నడుమ బొటనవేలంత చిల్లు. “గడియారం చూసేవాడు ఇలా నొక్కడు అల్లుడూ,” అని లేచి వెళ్ళిపోయాడు.

మేస్త్రి భార్య వైపు తిరిగాడు. “మీవాడు ఏడ్చాడా?”

“ఏడ్చాడు.”

“బాగా?”

“సరుకంతా పోతే ఏడవడా మరి. పొద్దున మళ్ళీ నవ్వుతున్నాడు.”

బయట తొలివాన మొదలైంది. దొడ్డిలో మేస్త్రిదైన తూర్పు సగం పోయింది: పద్దెనిమిది అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు.