మృత్యుబావి చిల్లరపెట్టె

నేను ఒక చోట కుదురుగా కూర్చోవడానికి పుట్టినదాన్ని. బల్లకి బిగించడానికి వీలుగా నా అడుగున నాలుగు కన్నాలు వేసి మరీ చేశారు. కానీ ఆ మేకుల సుఖం నాకు ఎంతోకాలం దక్కలేదు. నా బతుకులో ఎక్కువ భాగం లారీల మీదా, ఊరి చివరి మైదానాల్లోనూ, ఎవరి కాలు నిలవని చోట గడిచింది.

నన్ను కాకినాడలో ఒక లేతు మిషను షాపులో చేశారు. ఇనుప పెట్టె, మూడు ఇత్తడి గొట్టాలు, పైన కన్నాలున్న వాలు పలక. చిల్లర దోసిలితో పోస్తే చాలు, నాణేలు దొర్లుకుంటూ వచ్చి పావలా చిన్న కన్నంలోనూ, అర్ధరూపాయి దాని తర్వాతదాంట్లోనూ, రూపాయి చివరిదాంట్లోనూ పడేవి. ఒక్కో గొట్టానికి ఒక మీట. నొక్కితే అడుగు నాణెం టక్కున జారి, కిటికీ బయట ఉన్న గిన్నెలో పడుతుంది. నేను నాణెం మొహం చూడను. ఒళ్ళు కొలుస్తాను, అంతే. మొదట నన్ను బిగించింది ఒక సినిమా హాలు బుకింగు కిటికీలో. నేల టిక్కెట్టు వాళ్ళకొక గుమ్మం, కుర్చీల వాళ్ళకొక గుమ్మం ఉండేవి. ఈ మనుషులకీ నా విద్య కొంత అబ్బిందని అప్పట్లో అనుకునేదాన్ని.

హాలు మూతపడ్డాక నన్ను గవర్రాజు కొన్నాడు. ఆయన బొబ్బిలి వైపు మనిషి. ఆయనకొక మృత్యుబావి ఉండేది. చెక్కపలకలతో నేల మీద నిలబెట్టిన పెద్ద గుండ్రటి బావి. జనం మెట్లెక్కి పై అంచు చుట్టూ నిలబడి లోపలికి తొంగి చూస్తారు. లోపల నిటారు గోడ మీద మోటారు సైకిలు అడ్డంగా పడుకుని గిరగిరా తిరుగుతుంది. ఈ వారం ఒక తీర్థం, పై వారం ఇంకో ఊళ్ళో జాతర. టిక్కెట్టు రూపాయిన్నర. అందరూ రెండు రూపాయల నోటే ఇస్తారు కాబట్టి నా అర్ధరూపాయి మీటకి ఒక్క క్షణం తీరిక ఉండేది కాదు.

ఆ మీట నొక్కే చెయ్యి మంగతాయారుది.

ఆమె గురించి చెప్పాలి. అమలాపురం వైపు పిల్ల. బావ సూర్యచంద్రాన్ని పెళ్ళి చేసుకుని అతనితోపాటే ఈ బావిలోకి వచ్చింది, అతని దగ్గరే బండి నేర్చుకుంది. కొన్నాళ్ళకి అతనికంటే బాగా నడిపింది. ఆడమనిషి గోడెక్కుతుందంటే జనం విరగబడేవారు. పై అంచునుంచి వాళ్ళు చేతులు చాచి నోట్లు చూపిస్తే, బండి మీదనుంచే లాక్కుని పళ్ళ మధ్య పెట్టుకునేదట. అదంతా నేను రాకముందు మాట. ఒక సాయంత్రం టైరు పేలి పైనుంచి పడింది. తుంటి ఎముక విరిగింది. సూర్యచంద్రం ఆమెని చేతుల మీద ఎత్తుకుని బయటికి తెచ్చాడు. ఎముక అతుక్కుంది, నడక కూడా దాదాపు సరైంది. కానీ అతను గవర్రాజు చేత ఒట్టు వేయించుకున్నాడు, ఆమెకి మళ్ళీ బండి ఇవ్వకూడదని. అందుకని ఆమె నా వెనక్కి వచ్చి కూర్చుంది.

కూర్చుందన్న మాటే గానీ, అది కూర్చోవడమా? లోపల బండి మోత మొదలవగానే బల్ల కింద ఆమె కుడికాలు బ్రేకు వెతుక్కునేది. నా మీటని అందరిలా నొక్కేది కాదు. క్లచ్చి పట్టుకున్నట్టు పట్టుకుని, మెల్లిగా వదిలేది. టిక్కెట్టు చింపుతూనే చెవి గోడకేసి, "అబ్బా, తొందరపడ్డాడు. ఇంకో చుట్టు తిరిగి ఎక్కాలి కదా" అని తనలో తను గొణుక్కునేది. బండి పై వరసకి చేరినప్పుడు పలకలు వణికేవి, వాటితోపాటు నా గొట్టాల్లో నాణేలు దడదడలాడేవి. మా ఇద్దరికీ ఆ వణుకే తిండి.

అలా ఉండగా కొత్త రూపాయి వచ్చింది. పాత రూపాయి కంటే బాగా చిక్కిపోయిన నాణెం. నా అర్ధరూపాయి కన్నం చూస్తే ఏళ్ళ తరబడి అరిగి కాస్త వెడల్పయింది. దాంతో కొత్త రూపాయి సుబ్బరంగా అందులోకి దిగిపోయేది. అర్ధరూపాయి మీట నొక్కితే గిన్నెలో ఒక్కోసారి అర్ధ, ఒక్కోసారి రూపాయి. గిన్నె కిటికీ బయట ఉంటుంది కాబట్టి మంగతాయారుకి కనబడదు. చూసినవాడు చెప్పడు. గుప్పిట మూసి, మెట్లెక్కి, బావిలోకి అమాయకంగా తొంగి చూస్తాడు.

లెక్క తగ్గడం మొదలైంది.

"అమ్మాయ్, టిక్కెట్లు సూస్తే తెగిపోతన్నాయి, డబ్బు సూస్తే సాల్డం లేదు. ఏటి కత?" అన్నాడు గవర్రాజు.

"నాకేం తెలుసండి. పెట్టెనడగండి."

"పెట్టేటి సేసుకుంటాది డబ్బుని? దానికి సీరలు కావాలా, గాజులు కావాలా?"

ఆయన కోపంగా అనలేదు. నవ్వుతూనే అన్నాడు. కానీ పక్కనే బండి కడుగుతున్న సూర్యచంద్రం నవ్వలేదు. భార్య తరఫున ఒక్క మాట కూడా అనలేదు. ఆమె అది గమనించింది. గమనించిందని నాకెలా తెలుసంటే, ఆ పూట మీటని క్లచ్చిలా వదల్లేదు. గుద్దింది.

రెండు రోజులాగి, ఆట ఇంకా మొదలవకముందు, అతను కిటికీ దగ్గరికి వచ్చాడు. చేతులకి గ్రీజు. ఆమెకేసి చూడకుండా గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూ అడిగాడు.

"తాయారూ, బరంపురం బావివాళ్ళు మనిషిని పంపారంట గదా, ఆడ రైడరు కావాలని?"

"పంపారు. టీ ఇచ్చి పంపించేశాను."

"వెళ్ళాలనుంటే నాతో చెప్పి వెళ్ళు. డబ్బు దాచుకుని వెళ్ళక్కర్లేదు. దారి ఖర్చులు నేనిస్తాను."

ఊరికే ఉండలేని ఆమె చెయ్యి నా అర్ధరూపాయి మీటని నొక్కింది. గిన్నెలో నాణెం పడింది. రూపాయి. ఇద్దరిలో ఒక్కరు వంగి చూసినా ఈ కథ అక్కడితో అయిపోయేది. చూడలేదు. చెప్పడానికి నాకు నోరు లేదు. నేను దొంగనని నాకు తెలిసి, నా దొంగతనం ఆవిడ నెత్తిన పడుతుంటే నాణేలు కొలుస్తూ కూర్చోవడం ఎంత నరకమో మీకు చెప్పలేను.

"నేను అనుకోలేదు బావా, వెళ్ళిపోవాలని" అంది చివరికి. "నువ్వన్నాకే అనుకుంటున్నాను."

అప్పటినుంచి ఆమెకి నిలకడ పోయింది. తన ట్రంకు పెట్టె సర్దేది, మళ్ళీ విప్పి బట్టలు తీగ మీద ఆరేసేది. రోడ్డు మీద బస్సు హారను వినిపిస్తే టిక్కెట్టు చింపే చెయ్యి ఆగిపోయేది. మొగుడూ పెళ్ళాలు ఒకే లారీ మీద ప్రయాణం చేసేవారు, ఒకరు ముందు, ఒకరు వెనక.

పార్వతీపురం దగ్గర తీర్థంలో నా గుట్టు రట్టయింది. మొదటి రోజే కిటికీ ముందు చాంతాడంత క్యూ కట్టింది. గవర్రాజు మీసం దువ్వుకుంటూ తిరిగాడు. టీ కొట్టువాడు క్షణానికోసారి వచ్చి రూపాయిచ్చి, "చిల్లరిప్పించండమ్మా" అని రెండు నాణేలు పట్టుకుపోయేవాడు. చెరుకురసం వాడూ అంతే. ఊళ్ళో పెద్దమనిషొకాయన మొదటి ఆట చూసి వచ్చి, టిక్కెట్టు కొనకుండా రూపాయికి చిల్లర మాత్రం పట్టుకుని, మళ్ళీ వచ్చి క్యూలో నిలబడ్డాడు.

మా వెనకే ఊరూరా తిరుగుతూ వేరుశనక్కాయలమ్మే అప్పలనరసమ్మ ఇదంతా గంపముందు కూర్చుని చూసింది. చూసి చూసి ఓర్చుకోలేక కిటికీలో తల పెట్టింది.

"ఓలమ్మా, నీ పెట్టికేటే పిచ్చెక్కినాదా? రూపాయిస్తే రెండు రూపాయిలు కక్కుతన్నాది! ఊరు ఊరంతా బాగుపడిపోతన్నాది, నువ్వు తప్ప!"

మంగతాయారు కిటికీ తలుపు వేసేసింది. ముసలమ్మని లోపల కూర్చోబెట్టి, "నేను చెప్పినప్పుడు ఈ మధ్య మీట నొక్కు పిన్నీ" అని తను బయటికి వచ్చి గిన్నె ముందు నిలబడింది. నొక్కింది. అర్ధ. మళ్ళీ నొక్కింది. రూపాయి. మళ్ళీ రూపాయి.

అక్కడే నేల మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూనే చెంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. గవర్రాజు పరిగెత్తుకొచ్చాడు. గిన్నె చూశాడు, క్యూ చూశాడు.

"అయితే ఈల్లంతా ఆట సూడ్డానికి రానేదేటి?" అన్నాడు. డబ్బు పోయినందుకంటే ఆ మాటకే ఆయన మొహం ఎక్కువ వాడిపోయింది. క్యూ కూడా చెప్పాపెట్టకుండా కరిగిపోయింది.

సూర్యచంద్రం గిన్నెలోంచి ఒక రూపాయి తీసి తిప్పి చూశాడు. "తాయారూ" అన్నాడు.

"ఏం అనకు బావా. ఇవాళ సాయంత్రం ఆట నేనెక్కుతాను."

"వద్దు."

"వెళ్ళిపోతానంటే దారి ఖర్చులిస్తానన్నావు. బండెక్కుతానంటే వద్దా?"

"వెళ్ళిపోతే ఎక్కడో ఒకచోట ఉంటావు గదే" అన్నాడతను.

ఆమె మెత్తబడింది. కానీ తగ్గలేదు. "ఈ కిటికీలో ఉన్నది నేనేననుకుంటున్నావా, బావా?"

గవర్రాజు తన ఒట్టు సంగతి గుర్తొచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకుని, మైకులో ఏం చెప్పించాలో ఆలోచించుకుంటూ పోయాడు.

"నేను చూడలేను" అన్నాడు సూర్యచంద్రం.

"చూడమని ఎవరన్నారు? నా చోట్లో కూర్చుని టిక్కెట్లు కొయ్యి."

పోయేముందు ఆమె నా మధ్య గొట్టం బోర్లించి రూపాయలన్నీ ఏరేసింది. సాయంత్రానికి ప్యాంటూ చొక్కా వేసుకుని, జడ చుట్టి బిగించి, అడుగునున్న చిన్న తలుపులోంచి బావిలోకి వెళ్ళింది. ఆడ రైడరని మైకు అరవగానే ఈసారి జనం నిజంగానే ఆట కోసం క్యూ కట్టారు.

నా వెనక ఇప్పుడు అతను. బండి స్టార్టయింది. నలుగురికి నాలుగు టిక్కెట్లివ్వాల్సింది ఆరిచ్చాడు. పది రూపాయల నోటిచ్చినవాడికి నోటే తిరిగిచ్చేశాడు. వాడు నోరు మెదపకుండా పైకెక్కాడు. అతని చూపు బల్ల మీద ఉంది, చెవులు మాత్రం పలకల మీద. "కింద వాలు... ఎక్కింది... మధ్య వరస..." అని పెదాలు కదులుతున్నాయి. నా నాణేలు మెల్లిగా మొదలుపెట్టి దడదడలాడాయి. సూర్యచంద్రం తిరిగేటప్పటి వణుకు నాకు బాగా తెలుసు. ఇది వేరు. ఎక్కడా తెంపు లేకుండా, ఒకే వేగంతో, గోడంతా తనదైనట్టు. పైన జనం కేకలు. బండి మోత ఒక్కోసారి కాస్త దిగి మళ్ళీ లేస్తోంది. "నోటు లాక్కుంది" అన్నాడతను. అతని చెయ్యి నా అర్ధరూపాయి మీట మీద ఉంది. ఎవరికీ చిల్లరివ్వడం లేదు, ఊరికే పట్టుకున్నాడు.

ఉన్నట్టుండి మోత ఆగిపోయింది.

జనం హాహాకారం. పలకల వణుకు చచ్చిపోయింది. అతను లేచాడు. చెయ్యి మీటని వదల్లేదు. మీటే నన్ను వదిలి అతని చేతిలోకి ఊడి వచ్చింది. బల్ల తలకిందులైంది, నేను నేల మీద పడ్డాను. గొట్టాలు విడిపోయి చిల్లరంతా మట్టిలో దొర్లింది. అతను వెనక్కి చూడకుండా బావి తలుపుకేసి పరిగెత్తాడు. క్యూలో జనం నాణేల మీదికి వంగారు. "ఏటర్రా అది, మనుసులేనా?" అని అప్పలనరసమ్మ గంప వదిలి వచ్చి వాళ్ళ మధ్య చేతులడ్డం పెట్టింది. కొందరు ఏరి ఆవిడ ఒళ్ళో పోశారు. కొందరు ఏరారు, అంతవరకే నేను చూశాను.

చిన్న తలుపు తెరుచుకుంది. మంగతాయారు వంగి బయటికి వచ్చింది. కాస్త కుంటుతోంది. చేతిలో ఎవరిదో ఎర్ర కండువా.

"పైనుంచి ఎవడో కండువా పడేసుకున్నాడు. చక్రంలో చుట్టుకుంటుందని ఇంజను ఆపి జారిపోయాను, అంతే" అంది. అప్పుడు అతని మొహం చూసింది. అతని గుప్పిట్లో మీట చూసింది. "పెట్టెనేం చేశావు బావా?"

అతను మీటని చూసుకున్నాడు, అదెలా వచ్చిందో తెలియనట్టు.

"మళ్ళీ ఎక్కుతావా?"

"ఆట సగంలో ఉంది. జనం నిలబడే ఉన్నారు."

అతను తలుపు వైపు చూశాడు, లోపల గోడకి ఆనించిన బండి వైపు చూశాడు.

"చైను వదులైంది" అన్నాడు. "మోతలో తెలుస్తోంది. ఉండు, బిగించి ఇస్తాను."

మీట జేబులో పడేసుకుని, ఆమెకంటే ముందు వంగి లోపలికి వెళ్ళాడు.

నేను మళ్ళీ పనిచెయ్యలేదు. మిగతా రోజులు గవర్రాజే సిల్వరు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని చిల్లరిచ్చాడు, ప్రతి నాణేన్నీ వెలుతురుకి పెట్టి తిప్పి చూసుకుంటూ. తీర్థం అయిపోయింది. పలకలు విప్పి లారీకెక్కించారు. నన్ను ఎక్కించడం ఎవరికీ తోచలేదు. అప్పలనరసమ్మ నన్ను గంపలో వేసుకుని, ఇంకెన్నో ఊళ్ళు తిప్పి, ఆఖరికి సాలూరులో పాత సామాన్ల కొట్టుకి కిలోల లెక్కన వేసింది. ఇప్పుడు అక్కడున్నాను, విరిగిన ఫ్యాన్ల మధ్య. కుదురుగానే ఉన్నాననాలి. ఉండలేకపోతున్నాను, అది వేరే మాట.

వాళ్ళని చివరిసారి చూసింది పలకలు లారీకెక్కించిన ఆ తెల్లవారుజామునే. లారీ ముందు కదిలింది. మామూలుగా బండ్లు కూడా లారీలోనే వెళ్ళాలి. ఆ రోజు ఒక బండి మాత్రం కిందే ఉంది. మంగతాయారు దాన్ని స్టార్టు చేసి, వెనక్కి తిరిగి ఏదో అంది. సూర్యచంద్రం తల గోక్కుని, వచ్చి వెనక కూర్చున్నాడు. ఆమె భుజం పట్టుకోవాలా, సీటు పట్టుకోవాలా అని ఒక క్షణం తడబడ్డాడు. ఆమె ఆగలేదు. బండి ఒక్క ఊపుతో లారీని దాటేసింది. అతను కళ్ళు మూసుకున్నాడో, తెరిచే ఉంచాడో, ఆ దుమ్ములో నాకు కనబడలేదు.