స్రవ్య అడిగిన కథ

ఉప్పుగూడ రైల్వే స్టేషన్ వెనకున్న చిన్న బడిలో అమల తెలుగు టీచరు. పిల్లలు పుస్తకం ముట్టడం లేదని, ఆదిలాబాద్ దగ్గరి ఒక బడితో మాట్లాడి, అక్కడి పిల్లలకూ ఇక్కడి పిల్లలకూ ఆన్‌లైన్లో జోడీలు కట్టించింది. చదివిన కథల గురించి ఒకరికొకరు రాసుకోవాలి.

క్లాసులో అందరికంటే వెనకబడ్డ అలీనాకు స్రవ్య అనే అమ్మాయి జోడీ అయింది. స్రవ్య రాతంతా తప్పులే. అది చూసి అలీనాకు ధైర్యం వచ్చింది.

"టీచర్, ఈమెకు నాకంటే తక్కువొస్తది!" అని నవ్వి, తప్పులు దిద్దడం మొదలుపెట్టింది.

స్రవ్య ప్రతిసారీ ఒకటే అడిగేది, తర్వాత ఏమైందని. ఆ జవాబు కోసమే అలీనా కూడబలుక్కుని చదివేది. వానలు పడేనాటికి గడగడా చదివేస్తోంది.

సంతోషం పట్టలేక అమల అవతలి బడి టీచరు ప్రేమ్‌రాజ్‌కు ఫోన్ చేసింది.

"మీ స్రవ్యకు థాంక్స్ చెప్పాలె సార్. మా అలీనా మస్తు చదువుతున్నది."

"స్రవ్యనా? ఆ పేరుతో మా దగ్గర ఎవరూ లేరు మేడమ్. అలీనాకు ఇంకా జోడీనే దొరకలేదనుకుంటున్నం."

అమల ఫోన్ పెట్టేసింది. అలీనాను పక్కకు పిలిచింది.

"స్రవ్య ఏడుంటదో నీకు చెప్పిందా?"

"ఈడనే టీచర్," అంది అలీనా, అదేం ప్రశ్న అన్నట్టు. "నేను గట్టిగ చదివితే ఆమెకు వినబడ్తదంట."

అమల ఆ రోజే ఆ జోడీని తీసేసింది. అలీనా వెక్కి వెక్కి ఏడ్చింది. మళ్లీ పుస్తకం ముట్టలేదు.

మరునాడు మధ్యాహ్నం పిల్లలంతా అన్నాలకు పోయారు. గదిలో అమల ఒక్కతే కంప్యూటర్లో మార్కులు ఎక్కిస్తోంది. తెర మీద ఒక మెసేజ్ వచ్చింది.

"అమల టీచర్, కత ఆగిపోయింది. తర్వాత ఏమయింది?"

వెంటనే తుడిచేసింది. మళ్లీ వచ్చింది.

"అలీనా ఏడుస్తంది. మీరే చదవండి."

అమల కంప్యూటరు ఆపేసింది. ఆపినా, ఎవరో తన ముఖంలోకే చూస్తున్నట్టుంది. లేచి వెళ్లిపోదామనుకుంది. చివరికి అలీనా వదిలేసిన పుస్తకం అందుకుని, ఆగిపోయిన చోటు వెతికి, ఒక్క వాక్యం చదివింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

ఎదుటి బెంచీ కిర్రుమంది, ఎవరో సర్దుకుని ముందుకు జరిగినట్టు.

అమల తలెత్తలేదు. పేజీ తిప్పి, ఇంకాస్త గట్టిగా చదవసాగింది.