పెనుకొండ దగ్గర ఆగిన పట్టుగూడు

పుంగనూరు పక్క పల్లెలో నరసింహులుకు పట్టుపురుగుల షెడ్డు ఉంది. పొద్దున్నే కూతురు మాధవీలత ఒక చేత్తో పురుగులకు మల్బరీ ఆకు పరిచేది, రెండో చేత్తో ఫోన్లో రీల్స్ జరిపేది. ఒకదానికి నవ్వి, ఇంకోదానికి గొంతు కలిపి, ఆ హుషారులోనే మదనపల్లె కాలేజీ బస్సెక్కేది. కాలేజీ అంటే ఆమెకు ప్రాణం. పుస్తకమంటేనే పడదు. చరిత్ర పేపరు తప్పిందంటే, తప్పకేం చేస్తుంది మరి!

ఆ ప్రాంతపు పట్టుపురుగులు ఆకుతో పాటు షెడ్డులో వినబడిన మాటలూ తింటాయి. గూడు అల్లేటప్పుడు వాటిని దారంలో పెట్టేస్తాయి. పక్కింటి చెంగయ్య తన షెడ్డులో టీవీ పెట్టిన ఏడాది అతని గూళ్లనిండా అత్తాకోడళ్ల ఏడుపులే. అందుకే మార్కెట్లో గూడును చెవి దగ్గర ఆడించి చూసిగానీ ఎవరూ ధర చెప్పరు.

మాధవీలత మేపిన గూళ్లు కొన్న సిద్ధమ్మ మర్నాడే ఫోన్ చేసింది. ఆమెది గూళ్ల నుంచి దారం తీసే పని.

"నరసింహులప్పా, గూడు యేడినీళ్లల్లో ఎయ్యంగానే ఒక పాట. అంతలోకే తెగి ఇంకో పాట. దారం జానెడు కూడా సాగల్యా."

నరసింహులు కూతుర్ని కేకలెయ్యలేదు. "షెడ్డులోకి ఫోన్ తేవద్దమ్మా. ఈ తూరి సప్లిమెంటరీ గట్టెక్కితే సదువుకో. లేదంటే కాలేజీ మానేసి ఈడే ఆకు కోద్దువు" అన్నాడు నెమ్మదిగా. ఆ నెమ్మదికే ఆమెకు భయమేసింది.

తర్వాతి పంటకు మాధవీలత చరిత్ర పుస్తకం పట్టుకొని షెడ్డులోకి వెళ్లింది. గట్టిగా చదివింది. విజయనగరం రాజులు గెలిచినప్పుడు గొంతు పెంచింది. తళ్లికోట యుద్ధంలో ఓడినప్పుడు పురుగులు కాసేపు ఆకు ముట్టలేదు. చదవడం ఇంత బాగుంటుందని ఆమెకు అప్పుడే తెలిసింది. రాజధాని పెనుకొండకు మారిన చోట మాత్రం ఆకుల గంపలో దాచిన ఫోన్ బయటికి తీసింది. ఒక్క రీలే కదా అనుకుంది. మిగతా పాఠం అక్కడే ఆగిపోయింది.

పరీక్ష ముందురోజు తండ్రితో కలిసి గూళ్లు మార్కెట్‌కు తెచ్చింది. సిద్ధమ్మ ఒక గూడు ఆడించింది. మళ్లీ ఒకటి, మళ్లీ ఒకటి. పక్కనున్న వాళ్లూ చెవులు పెట్టారు.

"బలే ఉండాది మ్మా. కానీ పెనుకొండకాడ ఆగిపోయి, నీ నవ్వు వస్తాండాది. ఆడి నుంచి రాజులు యాడికి పోయిరి?"

మాధవీలత తండ్రి వైపు చూసింది.

"తెలీదా? తెలిసినాకనే తూకం" అని సిద్ధమ్మ గూళ్ల మీద చెయ్యేసి కూర్చుంది.

మాధవీలత బ్యాగులోంచి పుస్తకం తీసి, ఆ గూళ్ల మధ్యనే నిలబడి చదివింది. రాజధాని చంద్రగిరికి మారిందని వినగానే, "మన పక్కకే వచ్చిరి" అని సిద్ధమ్మ ముఖమంతా నవ్వైంది. బేరగాళ్లు బేరాలు మానేసి విన్నారు. ఫోన్లో వేరేవాళ్లను తాను చూడటమే గానీ, ఇంతమంది తనను చూడటం ఆమెకు ఇదే మొదలు.

మర్నాడు పేపర్లో మొదటి ప్రశ్న అదే. తళ్లికోట తర్వాత రాజధాని ఎక్కడెక్కడికి మారింది? మాధవీలత పెన్ను మంచి దారంలా ఎక్కడా తెగకుండా సాగింది.

మాధవీలత పాసైందని ఫలితాలొచ్చిన రోజు సిద్ధమ్మ ఫోన్ చేసి, "మళ్లా పంటకు ఏ పాఠం మ్మా?" అని అడిగింది.

నరసింహులు ఆకు గంప కూతురి చేతిలోంచి తీసుకున్నాడు. "ఆకు నేను ఏస్తాలే. నువ్వు సదువు" అన్నాడు.