నురుగు దిగిన నుయ్యి

తుఫాను వెళ్ళిపోయిన మర్నాడు లోమా గ్వామా కొండవాలులో పైకప్పులు మిగిలిన ఇళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కరెంటు స్తంభాలు రోడ్డుకి అడ్డంగా పడి ఉన్నాయి. కుళాయి తిప్పితే గాలి బుసకొట్టడం తప్ప చుక్క రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది అందరికీ, ఎదెల్మీరా పెరట్లో నుయ్యి ఉందని.

ఆమె మామగారు స్వయంగా పలుగు పట్టి తవ్విన నుయ్యి అది. ఊళ్ళోకి కుళాయిలొచ్చాక కోళ్ళకీ మొక్కలకీ తప్ప ఎవరూ తోడలేదు. ఎదెల్మీరా గిలకకి నూనె రాసింది. కొత్త చేంతాడు కట్టింది. పెరటి తలుపు తీసి, మళ్ళీ వేయలేదు. డబ్బాలతో, వంటగిన్నెలతో, పిల్లల స్నానపు తొట్లతో జనం వచ్చారు. నెలలు గడిచినా వస్తూనే ఉన్నారు. ప్యూర్టోరికో తూర్పు తీరంలో ఆ యేడు చాలాచోట్ల అదే గతి.

"కాచి తాగండర్రా," అనేది ఆమె ప్రతివాళ్ళతోనూ. "కట్టెలు లేకపోతే నన్నడగండి. పచ్చినీళ్ళు మాత్రం తాగొద్దు."

మొదటి చేద మాత్రం ఎవరికీ ఇచ్చేది కాదు. అది మరిది కూతురు యాదీరాకి. ఆ పిల్ల నిండు గర్భిణి. తెల్లారగానే ఎదెల్మీరా తనే మోసుకెళ్ళి ఇచ్చి వచ్చేది.

పిల్ల పుట్టింది. పుట్టిన కొన్నాళ్ళకి శాన్‌హువాన్ నుంచి మారిసెల్ అనే అమ్మాయి వచ్చింది. కొండ మీది బావుల నీళ్ళన్నీ సీసాల్లో పట్టుకెళ్ళి పరీక్ష చేయించిన మనిషి. ఈసారి ఆమె చేతిలో సీసాల్లేవు. కాఫీ ఇస్తే తీసుకుంది గానీ, తాగకుండా పక్కన పెట్టింది.

"ఈ నీళ్ళతోనే కాచారా అమ్మా?"

"మరి వేరే ఏవున్నాయి?"

"ఇక తాగకండి. వంటకీ వాడకండి."

"కాచే తాగుతున్నాం కదమ్మా."

"కాస్తే పురుగులు చస్తాయి. ఇది పురుగు కాదు, మందు. నీళ్ళు ఆవిరైపోతాయి, మందు గిన్నెలోనే ఉండిపోతుంది. కాచినకొద్దీ చిక్కబడుతుంది."

మంటలార్పే నురుగులో కలిపే మందట అది. కొండపైన చదునులో సైనిక స్థావరం ఉండేది, అక్కడ మంటలార్పడం సాధన చేస్తూ ఆ నురుగు పోసేవారు. సైనికులు జెండా దించుకుని వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. మందు మాత్రం మట్టిలోకి ఇంకి, కొండ లోపలి ఊటల వెంట దిగుతూనే ఉంది. రంగు లేదు, వాసన లేదు. ఒంట్లో చేరితే ఓ పట్టాన పోదు. కొందరికి ఏమీ కాకపోవచ్చు, కొందరికి మూత్రపిండాలు పాడైపోవచ్చు. ఎవరికి ఏమవుతుందో ముందుగా చెప్పలేరు.

"కడుపుతో ఉన్నవాళ్ళకి?" అడిగింది ఎదెల్మీరా.

"వాళ్ళూ, పసిపిల్లలూ అసలు ముట్టకూడదమ్మా."

ఆ అమ్మాయి వెళ్ళిపోయాక ఎదెల్మీరా చాలాసేపు నూతి గట్టు మీద కూర్చుంది. తొంగిచూస్తే నీళ్ళు ఎప్పట్లాగే తేటగా ఉన్నాయి. బురదగానో వాసనగానో ఉంటే బాగుండుననిపించింది. అప్పుడు తను మోసుకెళ్ళేది కాదు. లేచి చేంతాడు విప్పి చుట్టచుట్టి ఇంట్లో పెట్టింది. గుమ్మంలోకి వచ్చి నీళ్ళడిగినవాళ్ళకి లేదనడం ఆమె పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఒక్కొక్కరికీ విడమరిచి చెప్పింది. కొందరు భయపడ్డారు. కొందరు, ముసలమ్మకి విసుగొచ్చిందిలే అనుకుంటూ పోయారు.

సాయంత్రానికి మరిది నికనోర్, యాదీరా తండ్రి, దిగాడు. ఆ స్థావరంలోనే అగ్నిమాపక దళంలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ ఆ టోపీయే పెట్టుకుంటాడు.

"తాడేది వదినా?"

"లోపలుంది. అక్కడే ఉంటుంది."

"ఎవరో పిల్ల వచ్చి ఏదో కూస్తే నుయ్యి మూసేస్తావా? ఆ నురుగులో మోకాళ్ళ దాకా దిగినవాణ్ణి నేను. పండగలకి పిల్లలకి నురుగు కొండలు పోసేవాళ్ళం, దొర్లి ఆడుకునేవారు. నాకేమైంది? దుక్కలా లేనూ?"

"నువ్వున్నావు. నీ పక్కన పనిచేసిన ఎఫ్రాయిన్ ఏడీ?"

"వాడు తాగి చచ్చాడు."

"వాడు జన్మలో తాగలేదు నికనోర్."

అతను లోపలికెళ్ళి తాడు తెచ్చి మళ్ళీ గిలకకి కట్టాడు. నీళ్ళు తోడుకుని, రోడ్డు మీద అందరూ చూస్తుండగా గటగటా తాగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఆమె విప్పేది, అతను కట్టేవాడు. ఊరు కూడా రెండుగా చీలింది.

ఒకరోజు పెద్ద వాన పడి రోడ్డు కోసుకుపోయింది. ఈమధ్య ఊరికి నీళ్ళు తెస్తున్న ట్యాంకరు రాలేదు. యాదీరా ఇంట్లో కొన్న సీసాలు అయిపోయాయి. ఆమెకి పాలు చాలక పిల్లకి పాలపొడి కలిపి పడుతోంది. ఆకలికి పిల్ల గుక్కపట్టింది. ఎదెల్మీరా తన దగ్గర కొన్న సీసా ఏదైనా మిగిలిందేమోనని వెతికి, ఖాళీ చేతులతో వెళ్ళేసరికి, నికనోర్ అప్పటికే ఒక చేద నూతినీళ్ళతో వంటింట్లో కూర్చుని ఉన్నాడు.

"కలుపు," అన్నాడు కూతురితో.

యాదీరా పాలసీసా తెచ్చి అతని ముందు పెట్టింది. పిల్లని కూడా తెచ్చి అతని ఒళ్ళో పడుకోబెట్టింది.

"నువ్వే కలుపు నాన్నా. నువ్వే పట్టు. నీకు నమ్మకం ఉందిగా."

ఆ గొంతులో కోపం లేదు. నికనోర్ గ్లాసుతో నీళ్ళు ముంచాడు. సీసా మూత తీశాడు. పిల్ల ఏడుపు ఆపి, గ్లాసు మీద మెరుస్తున్న వెలుతురుని చూస్తోంది. అతను గ్లాసు వంచబోయాడు, వంచలేకపోయాడు. ఆ నీళ్ళు ఎక్కడ పొయ్యాలా అన్నట్టు చుట్టూ చూశాడు. పారబొయ్యడానికి గుమ్మం బయట నేల తప్ప ఏముంది? పోస్తే మళ్ళీ మట్టిలోకే ఇంకుతాయి. చివరికి ఆ నీళ్ళు తనే తాగేసి, పిల్లని తల్లికిచ్చి, టోపీ తీసి బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు.

తెగిన రోడ్డు దగ్గర ట్రక్కు వదిలి, వాగు దాటి, అవతలి ఊరి నుంచి సీసాల పెట్టె భుజాన వేసుకుని వచ్చాడు. పిల్ల కడుపునిండా తాగి నిద్రపోయింది.

మర్నాడు ఇసుకా సిమెంటూ తెచ్చి ఎదెల్మీరా పెరట్లో దించాడు. ఇద్దరూ కలిసి నూతి మీద పలక పోశారు. తాపీతో అంచులు నునుపు చేస్తూ అన్నాడు అతను, తలెత్తకుండా.

"నురుగు పోసింది నేను వదినా."

"నీళ్ళు పోసింది నేను."

"పైఅధికారులు నాకు చెప్పలేదు. సబ్బునురుగు లాంటిదే, పర్లేదన్నారు."

"తెలిసినవాళ్ళెవరో ఒకరు ఉండే ఉంటారు గదా," అంది ఎదెల్మీరా. "మనిద్దరం ఇలా తప్పు నాదంటే నాదని చెప్పుకుంటుంటే వాళ్ళెక్కడో హాయిగా కాఫీ తాగుతుంటారు."

ఊరందరి రక్తం పరీక్షకి వెళ్ళింది. పసిపిల్లదీ, నికనోర్‌దీ. అందరిలోనూ ఆ మందు ఉందన్నారు, ముందుముందు ఏమవుతుందో చూడాలన్నారు. కొండపైన తవ్వి శుభ్రం చేసే పని గురించి అడిగితే, ఇంకా పరిశీలనలో ఉందంటున్నారు. నికనోర్ వారం వారం అవతలి ఊరికి ట్రక్కు తోలి, ముసలివాళ్ళ ఇళ్ళకి నీళ్ళు దించుతాడు. ఎదెల్మీరా పక్కన కూర్చుంటుంది, ఎవరికెన్ని డబ్బాలో చెబుతూ. దారిలో ఇద్దరూ అంతగా మాట్లాడుకోరు. మలుపు దగ్గర మాత్రం ఆమె, "మెల్లిగా పోనీ, తొణుకుతున్నాయి," అంటుంది.