గబ్బిలాలకు పెట్టిన లైటు

మా అక్క గబ్బిలాల గైడు. మీరు నవ్వినా ఫరవాలేదు, నేనూ మూడేళ్ళు నవ్వాను. ఊరి చివర పార్కులోని పాత గిడ్డంగి కప్పు కింద కాపురముండే గబ్బిలాలు సాయంత్రం బయటికొచ్చే వేళకు జనాన్ని తీసుకెళ్ళి చూపిస్తుంది. ఇన్నాళ్ళూ జీతం లేకుండానే చేసింది. ఆ రోజు మాత్రం పార్కు డైరెక్టరు మేడం స్వయంగా చూడటానికి వస్తున్నారు. ఆవిడకు నచ్చితే అక్కకు ఉద్యోగం ఖాయం, లేకపోతే మళ్ళీ జిరాక్స్ షాపే గతి.

తమ్ముడన్నాక నా వంతు సాయం చేయాలి కదా! నేను ఎలక్ట్రీషియన్ని. చీకట్లో జనం ఏం చూస్తారు పాపం అనుకుని, అక్కకు చెప్పకుండా ఆ మధ్యాహ్నమే గిడ్డంగి ముందు గోడకు, సరిగ్గా గబ్బిలాలు వచ్చే సందు పక్కనే, పెద్ద లైటు బిగించాను. వెయ్యడం మర్చిపోతారని స్విచ్ కూడా పెట్టలేదు. చీకటి పడగానే దానంతటదే వెలిగేలా వెనక గోడకు సెన్సర్ పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయి, ఇంటికెళ్ళి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాను.

ఇరవై మంది వచ్చారు. మేడం చేతులు కట్టుకుని ఒక పక్కన నిలబడ్డారు. అక్క గుసగుసగా చెబుతోంది.

"ఇంకో ఐదు నిమిషాలండీ. ఎవరూ టార్చి వెయ్యొద్దు. వెలుతురు పడితే అవి బయటికి రావు."

నా గుండె జారి చెప్పుల్లో పడింది. ఆ వెంటనే లైటు వెలిగింది. గోడ మీది పగుళ్ళు లెక్కపెట్టొచ్చు, అంత వెలుతురు. అక్క లైటు వంక చూసింది, నా వంక చూసింది, నా ఇస్త్రీ చొక్కా చూసి ఇంకేమీ అడగలేదు.

"ఆర్పు," అంది పళ్ళు కొరుకుతూ.

"స్విచ్ లేదక్కా."

"మెయిన్ ఉంటుందిగా!"

"లోపల గదిలో. తాళం వాచ్‌మన్ దగ్గర. వాచ్‌మన్ వాళ్ళింటి దగ్గర."

"ఒరేయ్, నువ్వు నా తమ్ముడివా, పగవాడివా?"

సందులోంచి ఒక బుల్లి ముఖం బయటికొచ్చి, చిరాగ్గా చూసి, లోపలికి పోయింది. మేడం వాచీ చూసుకున్నారు. అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి చూశాక గానీ నా బుర్ర పనిచేయలేదు. చీకటని తెలిస్తేనే కదా ఆ సెన్సర్ లైటు వేసేది! ఇంకా పగలేనని దాన్ని నమ్మిస్తే?

వెనక గోడ దగ్గరికి పరిగెత్తి, జేబులోని టార్చి తీసి సెన్సర్ మీదికి గురిపెట్టాను. దానికి నమ్మకం కుదరడానికి ఒక నిమిషం పడుతుంది. ఆ నిమిషంలో నేను మొక్కని దేవుడు లేడు. ఠక్! అటు పక్క చీకటి.

కాసేపటికి ఎవరో ఆవిడ "అదిగో!" అని కేక పెట్టింది. ఆపైన ఇరవై గొంతులూ ఒక్కసారే లేచాయి.

"అమ్మో, నా నెత్తి మీదుగానే!"

"కంగారుపడకండి, తగలవు! మనకంటే వాటికే దారి బాగా తెలుసు," అంటోంది అక్క.

చప్పట్లు, ఈలలు, నవ్వులు. నేను ఒక్కటంటే ఒక్కటి చూడలేదు. చెయ్యి దించితే లైటు వెలుగుతుంది మరి. బొటనవేలంత సెన్సర్‌ను చూస్తూ, పిచ్చివాడిలా ఒక్కణ్ణే నవ్వుకుంటూ నిలబడ్డాను.

అక్క పరిగెత్తుకొచ్చింది. "ఇటివ్వు. నువ్వెళ్ళి చూడు."

"గైడువి నువ్వు! పో అక్కా!"

"నేను మూడేళ్ళుగా చూస్తున్నాను. నువ్వు ఒక్కసారీ చూళ్ళేదు. ఇవ్వరా!"

టార్చి కోసం ఇద్దరం చిన్నపిల్లల్లా పెనుగులాడుతుంటే మేడం వచ్చారు. టార్చి లాక్కుని సెన్సర్‌కు ఆవిడే గురిపెట్టారు.

"ఏమ్మా, అక్కడ అందరూ నిన్ను వెతుకుతున్నారు. ఒకటో తారీఖు నుంచి డ్యూటీలో ఇలా మాయమైతే ఊరుకోను."

"ఒకటో తారీఖు నుంచా, మేడం?" అక్క గొంతు కీచుమంది.

"అవును. వెళ్ళండి ముందు, నాకు చెయ్యి లాగుతోంది!"

అక్క నన్ను లాక్కుపోయింది. గోడ మలుపు తిరిగి తలెత్తాను. సంచి చిరిగి మినుములు కారినట్టు సందులోంచి గబ్బిలాలు వస్తూనే ఉన్నాయి, వచ్చినవి వచ్చినట్టు మా మీదుగా గిరగిరా తిరుగుతున్నాయి. నేను ఎగిరి గంతేశాను. మూడేళ్ళు నవ్వినందుకు సిగ్గేసింది, గంతులు మాత్రం ఆగలేదు.

అక్క నా చెయ్యి వదల్లేదు. ఇరవై మందికీ వినబడేలా గట్టిగా చెప్పింది.

"వీడు మా తమ్ముడండీ! ఆ లైటు పెట్టింది వీడే!"